మిలట్రీ ఛత్రీలు, మెడల పిన్నీసులు

"నోరు మూసుకొని ఇంటికి నడువు కొమురక్కా. రేపు సద్దుల బతుకమ్మ. నువ్వు గిప్పుడు పోయి చెప్తే ఇంతమంది ఆడోళ్ల పండుగ మన్నుల కలుస్తది," అన్నది యాకమ్మ.

"పండుగ మళ్ల ఏడాదికి వస్తది. ఆ ఛత్రి కట్టుకొని దునికినోనికి ఏమన్న అయితే వాళ్ల తల్లికి నువ్వు పోయి చెప్తవా?" అని నేనన్న.

"ఎవడు దునుకుతడో, ఎప్పుడు దునుకుతడో ఎవరికెరుక. ఈ పిల్ల నౌకరి మాత్రం రేపటికల్ల పోతది. రేణుక సంగతి మర్చిపోయినవా?"

"మర్చిపోలే. అందుకే పేరు చెప్ప. పిన్నీసు పోయిందని చెప్త, అంతే."

"పేరు అడగకుంట ఊకుంటరా? నీకేంది. నీ మెడల తాడు లేదు, తాడుకు పిన్నీసు లేదు. నీది పోయేది ఏమున్నది?"

నా పెనిమిటి పోయి అప్పటికి చానా ఏండ్లయింది. నాకు కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతది. మెల్లగనే చెప్పిన, "తాడు లేనిదాన్ని గనుకనే నేను పోత. నువ్వు ఈడ్నే ఉండు."

స్వరూప మా ఇద్దరి నడుమ నిలబడి, పుస్తెల తాడును పిడికిట్ల పట్టుకొని ఉన్నది. పొద్దున ఆ తాడుకు మూడు పిన్నీసులుండె. చాయ్ టైముకు చూసుకుంటే రెండే ఉన్నయి. నడుమ ఆ పిల్ల చేసిన పని ఏందంటే, మిలట్రీ జవాన్లు విమానంలకెళ్లి దునికెటప్పుడు కట్టుకునే పారాచూట్లను పొడుగు బల్ల మీద పరిచి, మడిచి, సంచులకు ఎక్కించుడు. తన బల్ల పని ఒడిసినంక పక్క బల్లలకు పోయి సాయం సుత పట్టింది. పోయిన పిన్నీసు నేల మీదనన్న ఉండాలె, లేకుంటే ఆ మడతలల్లనన్న ఉండాలె. నేలంత ఊడ్చినం, దొరకలే. సంచులు సీలేసి వరుసగ పెట్టి ఉన్నయి. వాటిని తీసుకపోయే లారీ గేటు కాడికి వచ్చి ఆగింది.

ఈ లొల్లి ఎట్ల తేలిందో చెప్పాల్నంటే ముందు ఆ కంపెనీ ఏందో, మేం చేసిన పని ఏందో చెప్పాలె. నా మనవరాలు నవ్య ఈ ఏడాదే ఆ కంపెనీల వైర్ల సెక్షన్ల చేరింది. ఆమెతోని ఇంకో నలుగురు పిల్లలు చేరిండ్రు. వాళ్లకు సార్లు మూడు దినాలు తెర మీద బొమ్మలు చూపిచ్చి కంపెనీ గురించి చెప్పిండ్రట. బొమ్మలల్ల లేనియి నేను రాస్తున్న. నేను సదివింది మూడో తరగతి. అక్షరాలు నవ్య సాపు చేసింది, మాటలు నావే.

ఏం కంపెనీ, ఏం పని

పుట్టింది పాలంపేటల. పెండ్లయినంక వరంగల్ వచ్చిన. నాట్లేసిన చేతులకు ఈడ మిర్చి బస్తాల మూతులు కుట్టే పని దొరికింది. పెనిమిటి మార్కెట్ల హమాలి. ఆయన పోయినంక బస్తాల పనితోని ఇల్లు గడవలే. నర్సంపేట రోడ్డుకు కొత్త షెడ్డు పడ్డది, మిషన్ మీద మందం గుడ్డ కుట్టగలిగే ఆడోళ్లు కావాలంటున్నరంటే పోయిన. బస్తా కుట్టినదానికి మందం గుడ్డ ఓ లెక్క గాదు.

అప్పుడు అది రేకుల షెడ్డు. ఓ పెద్ద కంపెనీకి వచ్చిన పనిల చిన్న తుకుడ మాకు ఇచ్చెటోళ్లు. తాడిపత్రులు, డేరాలు, మిలట్రీ లారీల మీద కప్పే గుడ్డలు కుట్టినం. తర్వాత చెట్ల ఆకుల రంగుల వలలు వచ్చినయి, ట్యాంకుల మీద కప్పెటియి. అటెన్క సామాన్లు దించే పారాచూట్లు. పారాచూట్ అనే మాట మాకు నోరు తిరగక ఛత్రి అన్నం. సార్లు సుత ఛత్రి అనుడు మొదలువెట్టిండ్రు. సామాన్ల ఛత్రీల తర్వాత మనుషుల ఛత్రీలు. యుద్ధ విమానం దిగినంక రోడ్డు మీద ఉరుకుతాంటే ఎన్కకు గుంజి ఆపే ఛత్రీలు. బండ్లల్ల కూసునే జవాన్లకు బెల్టులు. ఇప్పుడైతే డ్రోన్లు కింద పడకుంట దించే చిన్న ఛత్రీలు సుత చేస్తున్నరు, అవి నా కొంగంత లేవు. వైర్లు కట్టలు కట్టే సెక్షన్ వేరే బిల్డింగుల ఉన్నది. ఆడ ఏసీ ఉన్నది. కుట్టేకాడ మాత్రం చానా దినాలు ఫ్యాన్లే. ఫ్యాన్ గాలికి సన్నగుడ్డ లేస్తదని అవి సుత బందు పెట్టిస్తుండె.

కంపెనీ పెరిగిందంటే సార్లు బిల్డింగులు చూపిస్తరు. నా లెక్క వేరే. డేరా కుట్టు ఊడితే జవాను తడుస్తడు. సామాన్ల ఛత్రి కుట్టు ఊడితే పిండి బస్తా పగులుతది. మనుషుల ఛత్రి కుట్టు ఊడితే ఏమైతదో చెప్పనవసరం లేదు. మా కంపెనీ పెరుగుడు అంటే ఇదే. మిషన్ అదే, కూసున్న స్టూలు అదే, ఒక్క కుట్టు మీద పడే బరువే ఏడాదేడాది పెరిగింది. కొత్తగ చేరెటోళ్లు ఇది ముందు తెల్సుకోవాలె. డ్రెస్సు, క్యాంటీన్, బస్సు గురించి తర్వాత అడగొచ్చు.

సగం బాబిన్

నేను పొదుపు మనిషిని. ఇంట్ల సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అంటించి రుద్దుత. నా లాంటోళ్లే ఆ షెడ్డుల సగంమంది ఉండె. కింది దారం చుట్టుకునే బాబిన్‌ల కొద్దిగ దారం మిగిలితే దాన్ని పారేయమని రూలు. ఒక కుట్టు మొదలువెడితే అది ఒక్క దారంతోనే ఒడవాలె, నడుమ ముడి ఉండొద్దు. నైలాన్ దారం, మెరుస్తుండె, గుంజినా తెగదు. అట్లాంటిది చెత్తబుట్టల పోతుంటే పాణం కొట్టుకునేది.

కొంతమంది ఆడోళ్లు పారేయలే. మిగిలిన కొసకు ఇంకో కొస ముడేసి కుట్టిండ్రు. పైకెళ్లి చూస్తే కుట్టు మంచిగనే కనవడ్డది. కంపెనీకి దారం మిగిలిపిచ్చినమని సంబురపడ్డరు సుత. దొంగతనం గాదు, బద్ధకం గాదు. ఇంట్ల నేర్చుకున్న మంచి బుద్ధిని తెచ్చి తప్పు జాగల పెట్టిండ్రు.

అప్పుడే హవల్దార్ సారు కొత్తగ వచ్చిండు. ఆయన మిలట్రీల ఛత్రీలు మడుచుడు నేర్పినోడు, రిటైరయినంక మా కంపెనీ చెకింగుకు పెట్టుకున్నది. ఉత్తరాది మనిషి. ఆయన హిందీకి మేం వరంగల్ ఉర్దూ కలిపి జవాబిచ్చెటోళ్లం, ఇద్దరికి ఇద్దరం అర్థమయ్యేది. ఆయన ఎవరినీ తిట్టలే. కుట్టిన పట్టీని ఒక కొస కొక్కేనికి తగిలిచ్చి, ఇంకో కొసకు ఇసుక సంచులు ఒక్కొక్కటే కట్టుకుంట పోయిండు. మంచి కుట్టు కదలలే. ముడున్న కుట్టు ముడి కాడ్నే పుటుక్కున తెగి, అక్కడికెళ్లి ఇటు జానెడు అటు జానెడు విచ్చుకున్నది. మమ్ముల అందరినీ పిలిచి చూపిచ్చిండు. నేను ఇంట్ల ఇప్పటికి సబ్బు ముక్క అంటిస్త. ఆ దినంకెళ్లి కంపెనీల మాత్రం సగం బాబిన్ మీద ఆశ పెట్టుకోలే.

సూదులు విరగని కంపెనీ

హవల్దార్ సారు రాకముందు షెడ్డును నడిపిన మేనేజర్ సారు ఒకాయన ఉండె. పని తెల్సినోడే, పొద్దున అందరికంటె ముందుగల్ల వచ్చెటోడు. కాని ఆయనకు తప్పు చెప్పినోళ్లంటేనే కోపం.

రేణుక అని ఒక పిల్ల. మిషన్ సూది విరిగి మొన కనవడలే. గుడ్డల ఉంటదేమోనని భయపడి తనే పోయి సారుకు చెప్పింది. గుడ్డ పక్కకు పెట్టాల్సి వచ్చింది. సారు ఆమెను చూసి, "రేపు పొద్దున గేటు కాడ మాట్లాడుత," అన్నడు. తెల్లారి వస్తే వాచ్‌మన్ లోపలికి పోనియ్యలే. మాటా లేదు, ముచ్చటా లేదు. టిఫిన్ డబ్బ పట్టుకొని ఎండల కొద్దిసేపు నిలబడి పోయింది.

అటెన్క చానా నెలలు మా షెడ్డుల ఒక్క సూది విరగలే. అంటే విరిగినయి, ఎవరు చెప్పలే. మొనలు కొప్పుల దాసుకున్నోళ్లున్నరు. సొంత పైసలతోని సూది కొనుక్కొచ్చి గుట్టుగ ఎక్కిచ్చుకున్నోళ్లున్నరు. సారు మాత్రం వచ్చినోళ్లకల్ల మా దగ్గర సూదులు విరగవని గొప్పగ చెప్పుకునెటోడు.

హవల్దార్ సారు చెకింగు చార్జి తీసుకున్నంక ఊడ్చిన చెత్త మీద అయస్కాంతం తిప్పిండు. దానికి మొనలు కుప్పలు అంటుకున్నయి. తర్వాత ఒక బిస్కెట్ల డబ్బ తెచ్చి పెట్టిండు. విరిగిన సూది రెండు ముక్కలు తెచ్చి అండ్ల ఎయ్యి, కొత్త సూది తీసుకపో, నిన్నెవరు అడగరు అని చెప్పిండు. మొదటి దినాలు ఎవరు నమ్మలే. నమ్మినంక డబ్బ నిండింది.

బాసుల గురించి నేను చెప్పేది ఇంతే. చెప్పినోళ్లను గేటు బయటికి పంపే బాసు కింద పనిచేస్తే, పనికంటె ముందు దాసిపెట్టుడు నేర్చుకుంటరు. అటువంటి కాడ ఉంటే తొందరగ ఇంకో కాడ చూసుకోండ్రి.

వాపసొచ్చినయి

కొత్తయి చేసి అమ్ముడే గాదు, వాడినయి బాగు చేసుడు సుత మా కంపెనీ పెద్ద పని అయింది. సార్లు దాన్ని సర్వీస్ అంటరు. యూనిట్లకెళ్లి ఛత్రీలు వాపసొస్తయి. దులిపితే ఎడారి ఇసుక రాలుతది, ముండ్లు రాలుతయి, మనకు పేరు తెల్వని చెట్ల ఆకులు రాలుతయి. విమానాలను ఆపే ఛత్రీల అంచులు సెగకు గోధుమరంగు తిరిగి వస్తయి. ఉతుకుడు, ఆరబెట్టుడు, కింద లైటున్న బల్ల మీద పరిచి చిల్లులు ఎతుకుడు, అతుకేసి మళ్ల మడిచి పంపుడు. కొత్త పిల్లలను ముందు ఈ పనిలనే పెట్టాలంటా నేను. కొత్త గుడ్డ కుట్టెటోళ్లకు అది గుడ్డనే. వాపసొచ్చింది చూసినోళ్లకు దాని కింద ఒక మనిషి ఏలాడిండని తెలుస్తది.

ఒకసారి ఒక ఛత్రి వచ్చింది. దాని పట్టీ మీద ఎవరో చేత్తోని నల్లదారంతో వంకరటింకర కుట్టిండ్రు. మేమంత నవ్వినం. యాకమ్మ ఆ కుట్టు పట్టుకొని, "వీనికి పెండ్లయితలే, పెండ్లయితే పెండ్లమన్న సక్కగ కుట్టేది," అన్నది. యాకమ్మ మరిపెడ పిల్ల, వాళ్లది రోడ్డు మీద చాయ్ హోటల్, మాటకు మాట తయారుగ ఉంటది. హవల్దార్ సారు సుత నవ్విండు. నవ్వినంక చెప్పిండు, మంచు కొండల మీద దిగినోడు ఆ పట్టీతోని ఏదో బరువు మోసుకొని ఉంటడు, అది తెగితే తనే కుట్టుకుంటడు, ఆడ చేతికి సూది దొరుకుడే గొప్ప అని. యాకమ్మ ఆ నల్లదారం తనే ఇప్పింది. తొందరపడకుంట ఇప్పింది.

మెడ జోలికి రావొద్దు

మడిచేకాడ రూళ్లు చానా ఉండె. గాజులు గీసుకుంటె గుడ్డ పోగు లేస్తదని మోచేతి దాక గుడ్డ తొడుగులు వేసుకోవాలె. తలల పూలు పెట్టుకోవద్దు. బతుకమ్మ దినాలల్ల తంగేడు పూల పుప్పొడి గుడ్డకు అంటితే ఉతికినా పోదు. పచ్చడి తిన్న చేతులు సబ్బుతో కడగాలె. బల్ల మీద ఎన్ని కత్తెరలు, మడత కదలకుంట పెట్టే ఇసుక సంచులు ఎన్ని పెట్టుకున్నమో సంచి మూసేముందు అన్ని మళ్ల చూసుకోవాలె. ఇవన్ని మేం గొణుక్కుంట నేర్చుకున్నం.

ఒక్క రూలు మాత్రం లేకుండె. దానికి కారణం మేమే.

మా ఆడోళ్లకు పుస్తెల తాడే పిన్నీసుల డబ్బ. జాకెట్ హుక్కు ఊడితే ఒకటి, ముల్లు దిగితే తీసుకునేందుకు ఒకటి, ఎవరికన్న కావాల్నంటే ఇచ్చేందుకు ఒకటి. పొడుగు బల్ల మీద వంగి మడిచేటప్పుడు తాడు జాకెట్లకెళ్లి బయటికి జారి ఊగుతది. హవల్దార్ సారు అది చూసిండు. ఒక దినం పొద్దున, మెడల ఏమున్నయో అవి తీసి బయట పెట్టి రండ్రి అన్నడు.

షెడ్డు షెడ్డంత లేచింది. యాకమ్మ ముందట నిలబడి, మా మొగోళ్లు బతికుండంగ తాడు తియ్యమంటవా, మీ ఊర్ల ఆడోళ్లకు ఇట్లనే చెప్తవా అని అడిగింది. ఆయన ముఖం ఎర్రగయింది. చేతులు జోడిచ్చి, తప్పయింది అమ్మా అని పోయిండు. ఆయనకు కావాల్సింది పిన్నీసులు, తాడు గాదు. కాని ఆడోళ్ల మెడ గురించి రెండోసారి నోరు తెరవడానికి ఆయనకు సిగ్గయింది. మాకు గెలిచినమని సంబురమైంది. ఆ సంబురంల పిన్నీసు సంగతి ఎవరు తియ్యలే. నేను తీద్దామనుకున్న. కాని మొగడు లేనిది పక్కోళ్ల తాడు గురించి మాట్లాడితే ఏమంటరో నాకు ఎరుకే. ఊకున్న.

తర్వాత రెండేండ్లకు స్వరూప పిన్నీసు పోయింది.

లారీ ఆగింది

స్వరూపది పాలకుర్తి దిక్కు. పెనిమిటి హనుమకొండల ఆటో నడిపెటోడు. ఆ ఏడాది కాలు విరిగి మంచం మీద ఉన్నడు. దవాఖాన ఖర్చు, ఇంటి కిరాయి, చిన్న పిల్ల, అన్ని స్వరూప నౌకరి మీదనే. అప్పటికి రేణుకను పంపిన సారు లేడు, ప్రభాకర్ సారు అని కొత్త మేనేజర్ వచ్చిండు. హవల్దార్ సారు చెకింగు వరకే, మనుషులను ఉంచుడు తీసేసుడు మేనేజర్ చేతుల. ఈయన ఎటువంటోడో మాకింక తెల్వదు. యాకమ్మ భయం ఉత్త భయం గాదు. అందుకే ఆమె మీద నాకు కోపం వచ్చినా అసహ్యం రాలే.

నేను లారీ దిక్కు నడుస్తుంటే యాకమ్మ తిట్టుకుంటనే ఎన్క వచ్చింది. ప్రభాకర్ సారు లారీ కాడ ఫోన్ల మాట్లాడుతున్నడు. హవల్దార్ సారు పక్కనే ఉన్నడు. పిన్నీసు ఒకటి పోయింది, ఇయ్యాల మడిచిన సంచులల్ల దేంట్లనన్న ఉండొచ్చు అని చెప్పిన.

ప్రభాకర్ సారు ఫోను కిందికి దించి, "ఎవరిది?" అన్నడు.

"అది నన్నడగకుండ్రి సార్."

"మడిచే లైనుకు లీడర్‌వి నువ్వే. చెప్పకపోతే నీ మీదికే వస్తది."

"రానియ్యుండ్రి."

ఆయన లారీ దిక్కు చూసిండు. ఒక్క పిన్నీసుకు అన్ని సంచులు ఇప్పుతమా, పండుగల ముందు సరుకు పోకపోతే పై ఆఫీసుకు నేనేం చెప్పాలె అని హవల్దార్ సారును అడిగిండు. ఆయన మాట సుత తప్పు గాదు. సరుకు ఆలస్యమైతే వచ్చే ఆర్డర్ పోతది, ఆర్డర్ పోతే మా షెడ్డుల సగం మిషన్లు ఆగుతయి.

హవల్దార్ సారు, ఏ సంచిల ఉన్నదో చెప్తే ఒక్కటే ఇప్పుదాం సాబ్, చెప్పగలరా అన్నడు. ఇంకో మాట సుత అన్నడు. "నేను దునికినప్పుడల్ల నా ఛత్రి ఎవరు మడిచిండ్రో నాకు తెల్వదు. అడిగేటందుకు ఎవరు లేకుండె."

ప్రభాకర్ సారు మళ్ల నా దిక్కు తిరిగి, పేరు చెప్పు అన్నడు. నా ఎన్కకెళ్లి సన్నగ మాట వినవడ్డది.

"నాదే సార్."

స్వరూప ఎప్పుడు వచ్చి నిలబడ్డదో నేను చూడలే. తాడు ఇంక పిడికిట్లనే ఉన్నది. యాకమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది.

ప్రభాకర్ సారు ఆ పిల్లను కింది నుంచి మీది దాక చూసి, "రేపు పొద్దున గేటు కాడ మాట్లాడుత," అన్నడు.

అదే మాట. ఆయనకు రేణుక సంగతి తెల్వదు. మాకు తెల్సు. నేనూ యాకమ్మ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. అప్పటిదాక కొట్లాడినోళ్లం, ఆ ఒక్క గడియ ఒక్క తీరుగనే భయపడ్డం.

లారీ ఉత్తగనే వాపసు పోయింది. పండుగ దినం పొద్దున అందరు రావాలె, సంచులన్ని ఇప్పాలె అని చెప్పిండ్రు. ఆడోళ్లు నన్ను ముఖం మీదనే అన్నరు. పువ్వు తెచ్చుకోవద్దా, సద్దులు చేసుకోవద్దా, నీ పుణ్యమా అని గుడ్డలు ఇప్పుకుంట కూసోవాల్నా అని. వాళ్ల పండుగ పోయిన మాట నిజమే గద. ఇంటికి పోయెటప్పుడు స్వరూప బస్సుల నా పక్కనే కూసున్నది. దిగెటప్పుడు, "రేపు టిఫిన్ డబ్బ తెచ్చుకోవాల్నా, ఒద్దా పెద్దమ్మా?" అని అడిగింది.

"తెచ్చుకో," అన్న.

తెల్లారి

పొద్దున పండుగ గనుక కంపెనీ బస్సు లేదు. ఆటోలల్ల వచ్చినం. ఇద్దరు ముగ్గురు తప్ప అందరు వచ్చిండ్రు. కొందరు గునుగు పూలు, తంగేడు పూలు సంచులల్ల తెచ్చి వాచ్‌మన్ రూముల పెట్టిండ్రు, పోయెటప్పుడు ఈడికెళ్లే పోదామని.

ప్రభాకర్ సారు గేటు కాడ్నే నిలబడి ఉన్నడు. స్వరూప టిఫిన్ డబ్బ ఛాతికి ఆనిచ్చుకొని మెల్లగ నడిచింది. నేను ఆమె ఎన్కనే ఉన్న. వాచ్‌మన్ సారు దిక్కు చూసిండు. సారు స్వరూపను, "నిన్న ఏ బల్ల మీద మొదలువెట్టినవు?" అని అడిగిండు. మూడో బల్ల సార్ అన్నది. "పో. ఆ బల్ల సంచులే ముందుగాల ఇప్పుండ్రి," అన్నడు. అంతే మాట్లాడిండు. ఆ ఏడాది ఆ సరుకు ఆలస్యమైనందుకు ఆయన మీద పై ఆఫీసుల గట్టిగనే పడ్డదని తర్వాత తెల్సింది. స్వరూపను మాత్రం ఆయన మళ్ల ఎన్నడు ఏమనలే. ఆ పిల్ల ఇప్పుడు ఆ లైనుకు లీడర్.

మూడో బల్ల సంచులన్ని ఇప్పి, మడత మడత విప్పి చూసినం. ఏం లేదు. రెండో బల్లయి ఇప్పినం. లేదు. స్వరూప చెయ్యి పెట్టిన సంచులన్ని అయిపోయినయి. ఇగ మిగిలినయి ఇప్పాల్నా అని యాకమ్మ అడిగింది. హవల్దార్ సారు తల ఊపిండు.

యాకమ్మ బల్ల కాడి సంచిల దొరికింది. స్వరూప ఆ బల్ల దిక్కే పోలేదు. పిన్నీసు నోరు తెరుచుకొని ఉన్నది, గుడ్డ రెండు మడతలను కలిపి పట్టుకున్నది. హవల్దార్ సారు ఒక మడత గుంజితే రెండోది దాని ఎంబడే వచ్చింది. మేమందరం చూసినం. అది స్వరూప పిన్నీసు గాదు. స్వరూపయి చిన్నయి, తెల్లయి. ఇది పెద్దది, ఇత్తడి రంగుది. స్వరూపది ఏడ పోయిందో ఇప్పటిదాక తెల్వదు, ఆ ఛత్రీలల్లనైతే లేకుండె.

ఇది ఎవరిదని సారు అడగలే. మేం సుత అడగలే. యాకమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. తన టిఫిన్ డబ్బ మూత తెచ్చింది. తాడుకున్న పిన్నీసులు ఒక్కొక్కటే తీసి మూతల వేసింది. తర్వాత బల్ల బల్లకు తిరిగింది.

"పిన్నీసులు ఇండ్ల ఎయ్యుండ్రి. తాడు ఎవరు ముడుతలేరు."

స్వరూప తన రెండు వేసింది. అందరు వేసిండ్రు. మూత చప్పుడు చేసుకుంట వచ్చి నా ముందట ఆగింది. నాకేడివి అనబోయిన. యాకమ్మ నా మెడ దిక్కు చూడలే, భుజం దిక్కు చూసింది. కొంగు జారకుంట పెట్టుకున్న పిన్నీసు ఆడ ఉన్నది. తీసి మూతల వేసి, కొంగు నడుముకు చెక్కుకున్న.

తర్వాత ఇప్పిన ఛత్రీలను మళ్ల మడుచుడు మొదలువెట్టినం. పగటి బువ్వ యాళ్ల దాక ఎన్ని అయితే అన్ని మడిచి, పూల సంచులు తీసుకొని ఇండ్లకు పోయినం.